పుల్లరి: ఒక మాట వెనుక చరిత్ర

పల్నాటి రైతు తరతరాలుగా పశువులను తోలుకుపోయిన అడవి 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారు అదుపులోకి పోయింది. మేతకు పుల్లరి వచ్చింది. నిన్నటి హక్కు నేడు నేరమైంది.

ఇది పల్నాటి గొడవ మాత్రమే కాదు. రైన్ సీమలో రాలిన పుల్లలేరుకోవడాన్ని ‘దొంగతనం’ అన్న చట్టాన్ని 1842లో మార్క్స్ పత్రికాముఖంగా ఎండగట్టాడు. ఆస్తిపరుడి మాటే చట్టమయ్యే తీరు అక్కడా ఇక్కడా ఒక్కటే.

1921లో పల్నాడు పుల్లరిని ధిక్కరించింది. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలైంది 1922 ఫిబ్రవరిలో. చౌరీచౌరాలో 22 మంది పోలీసులు చనిపోయిందీ, గాంధీజీ ఉద్యమాన్ని ఆపిందీ ఆ నెలలోనే. చౌరీచౌరా దేశచరిత్రలో ఒక అధ్యాయమైంది. మించాలపాడు స్థానిక చరిత్రగా మిగిలింది.

సర్కారుకు అది చట్టోల్లంఘన, పశులకాపరికి బతుకుహక్కు. నేడు ఏ దేశపు వార్త చదివినా రచయిత మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ మాట ఎవరిది?