దీన్‌దయాళ్ కెమెరా ముందు కూర్చున్నది ఎవరు?

ఛాయాచిత్రకళ చరిత్రను మన సాహిత్య విమర్శకులు పట్టించుకోరు. అది యంత్రం చేసే పని, దానిలో సృజన ఏముందని వారి అభిప్రాయం కాబోలు. ఐతే పందొమ్మిదవ శతాబ్దంలో ఎవరి ముఖం దాచుకోదగినదిగా లెక్కకు వచ్చిందో తెలుసుకోవాలంటే, ఆనాటి కావ్యాలకన్న లాలా దీన్‌దయాళ్ గాజుపలకలే సూటిగా సాక్ష్యం చెబుతాయి.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. తరవాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో కుదురుకున్నాడు. 1894లో నిజాం ఇచ్చిన బిరుదు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. బొమ్మలు తీసేవాడికి యుద్ధమెందుకో! ఫ్యూడల్ దర్బారు ఎవరిని గౌరవించినా కత్తి కట్టనిదే గౌరవించలేదు.

దీన్నంతా దర్బారీ కళ అని కొట్టిపారేయడం మన మిత్రులలో కొందరికి సులువు. నేనొప్పుకోను. కూర్చున్నవాడి చేతులు ఎక్కడుండాలో, వెలుతురు చెంప మీద ఎంత పడాలో ఆయనకు తెలిసినంతగా ఆ రోజుల్లో తెలిసినవారు తక్కువ. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అది ముందడుగే. ఐతే నాట్లు వేసే ఆడదానికి పరదా లేదు, స్టూడియోనూ లేదు.

మా రావివలసలో మా అమ్మమ్మ జీవితమంతటికీ మిగిలిన ఫొటో ఓటరు కార్డు మీదిదే. దాన్నే పెద్దదిచేసి గోడకు తగిలించాం. ముఖం చెదిరిపోయి వుంటుంది.

పేదవాడు అసలు కెమెరా ముందుకు రాలేదా? వచ్చాడు, కరువులో. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూళ్ళను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. 1899–1900లో ఔరంగాబాదు జిల్లాలో జరిగిన కరువు సహాయాన్ని దీన్‌దయాళ్ స్టూడియో చిత్రించింది. నవాబు బొమ్మ నవాబు కోసం తీసింది. కరువు బొమ్మ సర్కారు చేసిన సాయానికి రుజువు కోసం తీసింది. రెంటికీ వాడింది ఒకే కళ, ఒకే చేయి. తేడా బొమ్మ అడిగినవాడిలో వుంది. కూలివాడు తన బొమ్మ తానే అడిగి తీయించుకునే రోజు రావడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది.

దీన్‌దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన గాజు నెగటివులు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. మంచి పనే. మరి టెక్కలి, పలాస బజార్లలో చిన్న స్టూడియోలవాళ్ళు కొబ్బరి రైతులవీ, జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళవీ, పెళ్ళిచూపుల కోసం తొలిసారి పౌడరు రాసుకున్న పిల్లలవీ తీసిన నెగటివులను ఎవరు అడిగారు? డిజిటల్ వచ్చాక స్టూడియోలు మూసేస్తూ వాటిని చెత్తకు వేస్తున్నారు. మన కళాశాలల చరిత్ర శాఖలు, తెలుగు శాఖలు ముందుగా ఆ అట్టపెట్టెలు తెచ్చుకోవాలి. ప్రతి నెగటివు కింద మనిషి పేరు రాయించాలి, పేరు చెప్పగలవాళ్ళు ఇంకా బతికుండగానే.