గద్దె ఎవరిది? శిక్ష ఎవరికి?

మహబూబాబాద్ పేరులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఉన్నాడు. జనం నోట మాత్రం అది మానుకోటే. అక్కడ సైకిళ్లు బాగుచేసుకునే సాయిబును, దూదేకుల మనిషిని కూడా 'మీ రాజ్యం పోయింది' అని దెప్పేవాళ్లున్నారు. ఏ రాజ్యం? అందులో వాళ్ల వాటా ఎంత?

హైదరాబాద్ సంస్థానంలో ముస్లింలు నూటికి 13 మంది లోపే. పై కొలువుల్లో మాత్రం వాళ్లదే పైచేయి. ఈ నిజాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ పల్లెలో భూమి, వెట్టి, పెత్తనం దేశ్‌ముఖులవి. వాళ్లలో అత్యధికులు హిందూ దొరలు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించి కోర్టుకెక్కాడు. దొర మనుషులు దారికాచి నరికారు. ముస్లిం రాజు ఏలుబడిలో ముస్లిం రైతుకు దక్కిన న్యాయం అది. 1947లో వచ్చిన 'మా భూమి' నాటకం బందగీ కథలోంచి పుట్టిందే.

ఈ బందగీలకే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 'అనల్ మాలిక్' అని నేర్పింది. నేనే ఏలికను అని అర్థం. చేతిలో సెంటు భూమి లేనివాడికి రాజరికం అంటగట్టింది. రాజ్యం పోయిన రోజున ఆ మాటే మెడకు చుట్టుకుంది.

మాటలతో మార్పు తెచ్చే వీలు లేకపోలేదు. 1947 నవంబర్ 29న కుదిరిన యథాతథ ఒప్పందం ఏడాది గడువిచ్చింది. 1948 జూన్‌లో బాధ్యతాయుత ప్రభుత్వం, ప్రజాభిప్రాయ సేకరణ ఉన్న ముసాయిదా నిజాం ముందుకొచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. ఊళ్లలో ఖాసిం రజ్వీ రజాకార్ల దోపిడీలు, హత్యలు సాగుతూనే ఉన్నాయి. విలీనమే దారి అని ఏడుగురు ముస్లిం ప్రముఖులు ప్రకటన ఇస్తే, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ దాన్ని అచ్చేశాడు. ఆనాటి వరంగల్ జిల్లాలో పుట్టిన ఆ యువకుణ్ణి 1948 ఆగస్టులో చెయ్యి నరికి చంపారు. మాట్లాడుకుందామన్న ముస్లింకు అలా జవాబు చెప్పారు. సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

దక్షిణాఫ్రికాను చూద్దాం. అక్కడ తెల్లవాళ్లు చట్టం రాసుకుని మరీ ఏలారు. పేద తెల్లవాడికి కూడా ఓటు, ఉద్యోగం, వేరే బడి ఉండేవి. ఆ పాలన కూడా బేరసారాలతోనే దిగిపోయింది. 1990లో మండేలా విడుదలయ్యాడు. 1991 డిసెంబర్‌లో చాలా పార్టీలు ఒక బల్ల దగ్గర కూచున్నాయి. నెత్తురు పారకపోలేదు. 1992లో బోయిపటాంగ్ మారణకాండ జరిగింది. 1993లో క్రిస్ హానీని చంపారు. అయినా బల్ల విరగలేదు. ఓడిపోయేవాళ్లకు భరోసా ఇవ్వాలని కమ్యూనిస్టు నేత జో స్లోవో ప్రతిపాదించాడు. ఉద్యోగుల కొలువులకు హామీ దొరికింది. ఎన్నికల్లో నూటికి 5 ఓట్లు తెచ్చుకున్న పార్టీకి మంత్రివర్గంలో చోటు దొరికింది. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటేశారు. భూమి, సంపద చాలావరకు తెల్లవాళ్ల దగ్గరే ఉండిపోయాయన్నది వేరే బాధ. కానీ గద్దె దిగిన జాతిని ఊచకోత కోయలేదు.

మరి ఇక్కడ? భరోసా అసలు గద్దె మీదున్నవాడికే దొరికింది. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. ఏడాదికి 50 లక్షల భరణం. రజ్వీ జైలు నుంచి బయటపడి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే గడీలకు తిరిగొచ్చారు. వేలమంది ముస్లిం ఉద్యోగుల కొలువులు ఊడాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నెత్తురు పారింది. పండిత్ సుందర్‌లాల్ బృందం చచ్చిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేలని తేల్చింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు.

చర్చలు జరిగిన గదిలో రాజున్నాడు, ఢిల్లీ ఉంది. వెట్టి చేసే మాదిగ లేడు, కౌలు చేసే సాయిబు లేడు. మాట్లాడే హక్కు లేనివాళ్లే మూల్యం కట్టారు.

2022 నుంచి సెప్టెంబర్ 17ను కేంద్రం విమోచన దినమంటూ జరుపుతోంది. పేరు ఏదైనా పెట్టుకోండి. ఎవరి నుంచి విమోచన అన్నది మాత్రం తేల్చి చెప్పండి. రాజు నుంచీ, దొర నుంచీ అంటారా? ఆ పోరులో ముందే ప్రాణమిచ్చినవాడు మా బందగీ. ముస్లింల నుంచి అంటారా? అయితే షోయబుల్లాఖాన్‌ను ఏ జాబితాలో రాస్తారు?