ప్రేగులు పంపిన కబురు

బరువు తగ్గించు సూదిమందుల మాట వినని యిల్లు నేడు అరుదు. సన్నబరచు మందుల పూర్వచరిత్ర అంత మంచిది కాదు. 1933 ప్రాంతమున అమెరికాలో డైనైట్రోఫినాల్ అను మందును వేలాది జనులు మ్రింగిరి. కొందరు ఒడలి తాపముతో మరణించిరి. కొందరికి కన్నులందు శుక్లములు క్రమ్మినవి. 1938లో ప్రభుత్వము దాని వాడకము నాపించినది. నేటి సూదిమందుల పుట్టుక వేరు. ఇవి సన్నదనము కోరి వెదకినవి కావు.

1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞులు, ప్రేగునందు పుట్టిన ఒక ద్రవ్యము రక్తము వెంట పోయి క్లోమమును పని చేయించునని కనుగొనిరి. 1964లో మరొక వింత తెలిసినది. చక్కెరను రక్తనాళమున ఎక్కించినప్పటికంటె నోట త్రాగించినప్పుడు ఇన్సులిన్ అధికముగా ఊరును. అనగా, ఆహారము వచ్చినదని ప్రేగులు క్లోమమునకు కబురంపుచున్నవి. ఆ కబురు మోయువానిలో ముఖ్యమైన జి.ఎల్.పి.-1 గుట్టు 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలోను, డెన్మార్కులోను బయటపడినది. అందు పాటుపడిన స్వెత్లానా మోయ్సొవ్ పేరును తొలినాటి బహుమానములు మరచినవి. 2024లో లాస్కర్ బహుమానము ఆమెకును దక్కినది.

చిక్కేమనగా, ఆ ద్రవ్యము రక్తములో రెండు నిమిషములకే సగము నశించును. అట్టిదానిని మందుగా ఇచ్చుటెట్లు? 1992లో న్యూయార్కు వైద్యుడు జాన్ ఎంగ్, గిలా అను ఎడారి బల్లి విషములో దానిని పోలిన, త్వరగా చెడని పదార్థమును కనిపెట్టెను. దాని ఫలమే 2005లో మధుమేహమునకు వచ్చిన మందు. దినమునకు రెండు సూదులు. డెన్మార్కులో లొటె క్నుడ్సెన్ బృందము వేరొక ఉపాయము పన్నినది. జి.ఎల్.పి.-1ను పోలిన అణువునకు కొవ్వుతోక నొకదానిని తగిలించిరి. ఆ తోక రక్తములోని ఆల్బుమిన్‌ను పట్టుకొని వ్రేలాడును. ఆ దారినే వచ్చిన సెమాగ్లుటైడ్ వారమున కొక్క సూదితో సరిపోవును.

ఈ మందు జీర్ణకోశమును మెల్లగా ఖాళీ చేయించును. మెదడులో ఆకలిని అణచును. 2021లో వెలువడిన పరీక్షలో మధుమేహము లేని 1,961 మంది 68 వారములు పాల్గొనిరి. మందు వాడినవారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గగా, ఉత్తి సూది పొందినవారికి రెండున్నర వంతులైనను తగ్గలేదు. హృద్రోగులలో గుండెపోటు వంటి ప్రమాదములు నూటికి 20 వంతులు తగ్గినట్లు 2023లో తేలినది. ఇది సామాన్యమైన మేలు కాదు.

ఇక కీడులు. వికారము, వాంతులు తరచు కలుగును. పిత్తాశయమున రాళ్లు, అరుదుగా క్లోమపు వాపు రావచ్చును. కొవ్వుతోపాటు కండయు కరుగును. ఎలుకలలో థైరాయిడ్ కంతులు కనబడినవి. మనుష్యులలో అట్లగునని రుజువు కాలేదు. అయినను కుటుంబమున మెడ్యుల్లరీ థైరాయిడ్ కాన్సరు ఉన్నవారును, గర్భిణులును దీనిని వాడరాదు.

2025లో ఈ మందు ఊబకాయమునకై మన దేశపు దుకాణములకును వచ్చినది. పెండ్లి ముహూర్తమునకు ముందు నాలుగు నెలలు వాడి మానవచ్చునా యని అడుగువారున్నారు. పైన చెప్పిన పరీక్షలోని వారిలో కొందరిని మందు మానిన పిదప ఒక సంవత్సరము గమనించిరి. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది.