లేజీ ఐలో రెటీనా మార్పులు: కొలతల కన్నా ముందు కొలబద్ద

ఆంబ్లియోపియాను వైద్యులు మందదృష్టి అంటారు, తల్లిదండ్రులు లేజీ ఐ అంటారు. సరైన అద్దాలు పెట్టినా ఆ కంటికి చార్టులో కింది వరుసలు అందవు. కంటిలోకి తొంగి చూస్తే చూపు అంతగా తగ్గడానికి కారణమయ్యే జబ్బేదీ కనబడదు. మెల్లకన్ను, రెండు కళ్ల పవర్ మధ్య తేడా, పుట్టుశుక్లం – వీటిలో ఏదో ఒకటి పసితనంలో ఒక కంటి బొమ్మను చెడగొడితే మెదడు ఆ కంటిని పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకంతో ఇళ్లలో ఏళ్లు గడిపేస్తే, చికిత్స బాగా పనిచేసే వయసు చేజారిపోతుంది.

మెదడు ఒక కంటిని ఇలా పక్కన పెట్టడాన్నే 1963లో శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజల్ పిల్లికూనల్లో ఒక కంటి రెప్పలు కుట్టి చూపించారు. మూసిన కంటి రెటీనా మామూలుగానే స్పందించింది. ఆ కంటి సంకేతాలను అందుకునే మెదడులోని మజిలీలో మాత్రం కణాలు కుంచించుకుపోయాయి. దృష్టి కార్టెక్స్‌లో ఆ కంటికి పలికే కణాలు దాదాపు మిగల్లేదు. 1981లో వారికి నోబెల్ వచ్చింది. దాంతో లోపమంతా మెదడులోనే ఉందని, రెటీనాది ఏ తప్పూ లేదని స్థిరపడింది.

ఆ కేసును మళ్లీ తెరిచింది ఓసీటీ అనే స్కాన్. 1991లో లోకానికి తెలిసిన ఈ పద్ధతి రెటీనా పొరలను మైక్రాన్లలో కొలుస్తుంది. ఆప్టిక్ నాడి చుట్టూ నాడీతంతువుల పొర సగటు మందం సుమారు 100 మైక్రాన్లు. కళ్ల పవర్ తేడా వల్ల వచ్చిన లేజీ ఐలో ఈ పొర మరింత మందంగా ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ తర్వాతి అధ్యయనాల్లో కొన్నింటికి తేడాయే కనబడలేదు. ఎదుగుదలలో సహజంగా రాలిపోవలసిన, ఈ తంతువులకు మూలమైన గాంగ్లియన్ కణాలు రాలకుండా మిగిలాయన్నది మందానికి చెప్పిన కారణం. ఇది నాకు కుదిరేదిగా తోచదు. గర్భంలో 16, 17 వారాలకు ఆప్టిక్ నాడిలో సుమారు 37 లక్షల తంతువులుంటాయి. పుట్టకముందే వాటిలో అధిక భాగం రాలి, 12 లక్షల దరిదాపుల్లో నిలుస్తాయి. పవర్ తేడా తన పని మొదలుపెట్టేది బిడ్డ కళ్లు తెరిచాక కదా!

ఇంతకన్నా సూటైన వివరణ కంటి పొడవులో ఉంది. ప్లస్ పవర్ ఎక్కువున్న కన్ను పొట్టిది. పవర్ తేడాలో చూపు మందగించేది చాలాసార్లు ఆ కన్నే. యంత్రమేమో ప్రతి కన్నూ దాదాపు 24 మిల్లీమీటర్లే అనుకుని లెక్క కడుతుంది. అసలు పొడవు 21 అనుకుందాం. కంటి పొడవును బట్టి బొమ్మ కొలతను సరిచేసే బెనెట్ సూత్రం ప్రకారం తెరమీద 3 మిల్లీమీటర్లుగా కనిపించేది నిజానికి 2.6 మాత్రమే. రెటీనా కేంద్రమైన ఫోవియా మధ్య రక్తనాళాలు లేని ప్రాంతం 0.30 చదరపు మిల్లీమీటర్లని యంత్రం చూపితే, అసలు వైశాల్యం 0.22. నాడీపొరను కొలిచే వలయం కూడా పొట్టి కంటిలో నాడికి మరీ దగ్గరగా పడుతుంది. అక్కడ తంతువులు సహజంగానే దట్టంగా గుమిగూడి ఉంటాయి కాబట్టి పొర మందంగా తేలుతుంది.

రక్తనాళాల కొలతలకు ఈ చిక్కుతో పాటు మరొకటి ఉంది. ఓసీటీ యాంజియోగ్రఫీలో రంగుమందు ఎక్కించరు. ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి, కదిలే ఎర్రకణాల వల్ల వచ్చే మార్పును నాళంగా గుర్తిస్తారు. లేజీ ఐకి ఒకచోట నిలకడగా చూడడం కష్టం. పైగా ఎదుట కూర్చున్నది చిన్నపిల్ల. సంకేతం బలహీనపడితే సన్నని కేశనాళికలు బొమ్మలో కనబడకుండా పోతాయి. 2017 నుంచి పలు అధ్యయనాలు పైపొర, లోపొర కేశనాళికల సాంద్రత తగ్గిందన్నాయి, తగ్గలేదన్నవీ ఉన్నాయి. చదివేటప్పుడు నేను ముందు వెతికేది కంటి పొడవును సరిచేశారా, రెండు కళ్ల బొమ్మల నాణ్యత సమానమేనా అన్నదే.

సాంద్రత తగ్గడానికి, కంటి వాడకం తగ్గి రక్తం తగ్గడమే కారణమనే వాదం ఒకటుంది. దాన్ని పరీక్షించే దారి మెల్లకన్నులోనే ఉంది. రెటీనా కణాలు చురుగ్గా పనిచేస్తే అక్కడి నాళాలు విప్పారతాయి. మినుకుమినుకుమనే కాంతి చూపి దీన్ని నిరూపించారు. కానీ పవర్ తేడా లేని మెల్లకన్నులో రెటీనా మీద బొమ్మ స్పష్టంగానే పడుతుంది. దాన్ని అణచేది మెదడు. మెదడు నుంచి రెటీనాకు తిరిగివచ్చే తంతువులు మనిషిలో నామమాత్రం. కాబట్టి పొడవు సమానమైన మెల్లకళ్లలో కూడా సాంద్రత తగ్గినట్టు తేలితే వాడకం వాదం నిలవదు, వేరే కారణం వెతకాలి. పవర్ తేడా కళ్లలోనే తగ్గితే ముందు కొలబద్దనే అనుమానించాలి. రెండు రకాల పిల్లలనూ ఒకే గుంపుగా కలిపి సగటు తీస్తే ఈ ఆధారం చేజారుతుంది.

ఇంత సందేహమున్నా ఓసీటీ పరీక్ష వద్దని అనను. నెలల తరబడి మంచి కంటికి ప్యాచ్ వేసినా చూపు పెరగని పిల్లల్లో కొందరికి ఆప్టిక్ నాడి పుట్టుకతోనే సన్నగా ఉంటుంది. పైకి లేజీ ఐలాగే కనబడుతుంది. పొడవు సరిచేశాక కూడా నాడీపొర రెండో కంటికన్నా బాగా పలచగా ఉంటే, ప్యాచ్ సరిగా వేయడం లేదని తల్లిని తప్పుపట్టే ముందు ఆ నాడిని చూడాలి.