ఆ పెళ్ళికి నీళ్ళు మోసినదెవరు?

ఇంట్లో పెళ్ళంటే మనం ముందుగా చూసుకునేవేమిటి? పురోహితుడు, వంటవాళ్ళు, నీళ్ళు. వీటికే కటకటలాడిన పెళ్ళి ఒకటుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహం.

చట్టం అడ్డేమీ కాదు. వితంతువు మళ్ళీ పెళ్ళాడవచ్చునని 1856లోనే శాసనమైంది. అందులో ఒక సంగతి నాకెంతో నచ్చుతుంది. కన్య పెళ్ళికి ఏ మాటలు పలికితే, ఏ తంతు జరిపితే, ఏ ప్రమాణాలు చేస్తే చాలునో, వితంతువు పెళ్ళికీ అవే చాలునట. అంటే రెండోసారి కదా అని ముక్తసరిగా కానివ్వడం కాదు. "నాతిచరామి" అనిపించుకునే హక్కు ఆమెకూ ఉందన్నమాట.

కాని చట్టం వచ్చి పొయ్యి వెలిగించదు కదా! వెలి భయంతో వంటవాళ్ళు రామన్నారు, పనివాళ్ళు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు కొంగు బిగించి తానే గోదావరి నీళ్ళు మోశారు, తానే వండిపెట్టారు. పెళ్ళివారింట వంటంటే ఎంత చాకిరీయో మీకు నేను వేరే చెప్పాలా? ఖర్చుకు కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చారు. గలాటా జరక్కుండా విద్యార్థులు కాపలా కాశారు. ఆవిడ ఎన్ని బిందెలు మోశారో మాత్రం ఎవరు లెక్క రాశారు?

కొద్దిరోజులకే ఆ ఊళ్ళోనే రెండో పెళ్ళి. ఆపైన ఆ ఇంట తలదాచుకున్న వితంతువులకు అన్నం పెట్టిందీ ఆవిడే.