డోర్నకల్ బిషప్ అజరయ్య

బెజవాడ, కాజీపేటల మధ్య సింగరేణి బొగ్గు లైను చీలే జంక్షన్ డోర్నకల్. నిజాం రాజ్యంలోని ఆ చిన్న ఊరి పేరు ఇంగ్లండు చర్చి పెద్దల దాకా చేరిందంటే అందుకు కారణం వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పల్లె పాదిరి ఇంట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘం పెట్టారు. డబ్బూ మనుషులూ పెత్తనమూ అన్నీ ఈ దేశానివే కావాలన్నది దాని నియమం. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటే డోర్నకల్. ఇతరులను పొమ్మని చెప్పి తాను ఆగిపోవడం అజరయ్యకు మనస్కరించలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, అక్కడికి చేరి, తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడాది ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్ల మిషనరీలు త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, తమకు కావలసింది దొరలు కాదు, స్నేహితులని తేల్చి చెప్పారు. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. పాలితుల దేశం నుంచి వచ్చిన యువకుడు పాలకుల గడ్డ మీద ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పీఠం ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే. భారతీయుడి కింద తెల్లవారు పనిచేస్తారా అన్న సందేహం అప్పట్లో గట్టిగానే వినిపించింది. 1920లలో ఆయన మేత్రాసనం (బిషప్ పాలనా పరిధి) కృష్ణా ప్రాంతానికి విస్తరించి, అక్కడి ఇంగ్లీషు మిషనరీలు ఆయన అధికారం కిందికి వచ్చాక ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆయన అసలు కృషి మాత్రం మాల, మాదిగ పల్లెల్లోనే సాగింది. బళ్లు పెట్టించారు, తెలుగు గురువులను తయారు చేశారు. భజనలను, కాలక్షేపాలను ఆరాధనలోకి తెచ్చారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌లోనూ ఇదే చూపు కనిపిస్తుంది: గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని తలపిస్తాయి.

మతమార్పిడి విషయంలో గాంధీకీ ఆయనకూ పొసగలేదు. అంతమాత్రాన ఆయనను జాతీయ భావన లేనివారిగా చూడటం అన్యాయం. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించినవారాయన.

చీలిన చర్చిలన్నీ ఒకటి కావాలని 1919 ట్రాంకేబార్ సమావేశం నుంచీ ఆయన పట్టుబట్టారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న ఆ ఐక్య చర్చి, దక్షిణ ఇండియా సంఘం, ఆయన పోయాక 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.