జేబు లేని పంచె

తిరుమల పరకామణిలో హుండీ కానుకలు లెక్కించడానికి వెళ్లేవాళ్లు జేబులు లేని పంచె కట్టుకోవాలి. లోపల సీసీ కెమెరాలు, బయటికొచ్చేటప్పుడు తనిఖీ. నోట్లు తాకే చేతుల మీద ఇంత నిఘా మరోచోట అరుదు. మరి ఆ చేతులకు పైనున్న అధికారం మాటేమిటి?

అధికారం మీదా నిఘా ఉండాలన్న ఆలోచన మన సీమకు కొత్తది కాదు. తిరుమల కొండలు ఒకప్పుడు తొండమండలంలోవే. అదే మండలంలోని ఉత్తరమేరూరులో, పరాంతక చోళుడి కాలంలో, 920 ప్రాంతంలో ఊరి సభ నియమాలను గుడి గోడ మీద చెక్కించారు. సభ్యులను ఎంచుకోవడానికి అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, చీటీ తీసేవారు. పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడి పేరు ఆ కుండలోకే వెళ్లకూడదు, అతని దగ్గరి బంధువులదీ వెళ్లకూడదు. బంధువుల్ని కూడా పక్కనపెట్టడం నాకు గొప్పగా తోస్తుంది. తప్పుచేసినవాడు చుట్టం ముసుగులో మళ్లీ పెత్తనానికి రాకుండా వెయ్యేళ్ల కిందటే అడ్డుకట్ట వేశారు.

ఈస్టిండియా కంపెనీ పాలనలో ఆ పట్టు సడలింది. ఆర్కాటు నవాబు నుంచి 1801లో ఈ ప్రాంతం కంపెనీ వశమయ్యాక, ఆలయ వ్యవహారాలు చిత్తూరు నుంచి నడిచాయి. 1821లో బ్రూస్ కోడ్ పేరుతో పాలనా నిబంధనలు వచ్చాయి. అయితే ఆ నిబంధనలు రాసినవాళ్ల ఖజానాకే గుడి మిగులు ఆదాయం చేరేది. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు పెత్తనం దక్కింది. 1933లో కమిటీ పాలన వచ్చేదాకా వాళ్లదే నిర్వహణ.

స్వాతంత్ర్యానంతరం రాష్ట్రంలో చట్టాలకు, సంస్థలకు కొదవ లేదు. 1961లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ), 1964లో ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1983లో లోకాయుక్త చట్టం. 1987 దేవాదాయ చట్టం ఆలయ ఆదాయంలో వంశపారంపర్యంగా వచ్చే మిరాశీ వాటాలను రద్దుచేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తరతరాల హక్కు పోయిన కుటుంబాల బాధ నిజమే. అయినా ఆదాయంలో వాటా ఉన్నవాళ్లే దాని నిర్వహణలోనూ ఉండడం సరికాదు.

2023లో పరకామణిలో విదేశీ కరెన్సీ కాజేశాడన్న ఆరోపణపై ఒక ఉద్యోగి పట్టుబడ్డాడు. అతను లెక్కింపును పర్యవేక్షించాల్సినవాడే. కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. 2025లో హైకోర్టు సీఐడీ దర్యాప్తుకు ఆదేశించింది. భక్తుడి కానుక విషయంలో రాజీపడే అధికారం ఏ ఒక్క అధికారికీ ఉండకూడదు. అలాంటి ప్రతిపాదన వస్తే, అది ఎవరు పెట్టారో, ఎవరు ఒప్పుకున్నారో, వాళ్లకు నిందితుడితో ఏ సంబంధముందో రాతపూర్వకంగా ప్రకటించాలి.